ఆసుపత్రులలో వైరస్ వ్యాప్తి - జన్యుక్రమ అన్వేషణ

ఒక ఆసుపత్రిలో వైరస్ వలన కలిగే జబ్బు కొద్ది రోజుల తేడాలో పలువురికి సోకినపుడు, వారి నుండి సేకరించిన వైరస్‌ల జన్యుక్రమాలను చదివి, ఒకదానితో ఒకటి పోల్చి, ఆ జబ్బు ఎక్కడ మొదలై ఏ దారిన పాకినదో తెలుసుకొనే పద్ధతిని జన్యుక్రమ అన్వేషణ అంటారు. దీనికి ఆధారమైన ప్రక్రియను వాడుకలో జీనోమ్ సీక్వెన్సింగ్ అంటున్నారు. రోగుల రిజిస్టరు, సిబ్బంది డ్యూటీ పట్టిక, వార్డులో పడకల అమరిక వంటి పాత సాధనాలకు ఇది తోడుగా వచ్చిన కొత్త సాధనమే గాని వాటికి బదులు కాదు. కోవిడ్-19 ప్రబలిన 2020 నుండి ఈ పద్ధతి చాలా దేశాలలో వాడుకలోనికి వచ్చినది. ఇటువంటి పని చేయగల ప్రధాన ప్రభుత్వ ప్రయోగశాలలు రెండు హైదరాబాదు తూర్పు భాగంలో, హబ్సిగూడ - ఉప్పల్ ప్రాంతంలో ఉన్నాయి.

ఆసుపత్రిలో అంటుకొనే జబ్బులు

జబ్బు నయం చేసుకోవడానికి వెళ్ళిన చోటనే మరొక జబ్బు తగులుకోవడం కొత్త సంగతి కాదు. 1847లో వియన్నా నగరంలోని ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే వైద్యుడు, బాలింతల మరణాలు వైద్య విద్యార్థులు పనిచేసే విభాగంలో ఎక్కువగాను, మంత్రసానులు పనిచేసే విభాగంలో తక్కువగాను ఉండటం గమనించాడు. శవపరీక్ష గది నుండి నేరుగా కాన్పు గదికి వచ్చే విద్యార్థుల చేతులే ఇందుకు కారణమని తేల్చి, క్లోరిన్ కలిసిన సున్నపు నీటితో చేతులు కడిగించాడు. మరణాలు తగ్గాయి. ఆయన చేతిలో ఉన్న సాధనం మరణాల రిజిస్టరు ఒక్కటే. సూక్ష్మజీవి అనే భావన కూడా అప్పటికి స్థిరపడలేదు.

రిజిస్టరుతో తేలని చిక్కు ఒకటి ఉన్నది. వైరస్ శరీరంలో ప్రవేశించిన రోజుకూ, లక్షణాలు బయటపడే రోజుకూ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. దీనిని పొదిగే కాలం అంటారు. కోవిడ్-19కు ఇది 2 నుండి 14 రోజులు. కాబట్టి కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన మనిషికి ఆరవ రోజున జ్వరం వస్తే, ఆ జబ్బును అతడు ఇంటి నుండి తెచ్చుకున్నాడా, వార్డులో అంటించుకున్నాడా అన్నది తేదీలను బట్టి చెప్పలేము. బ్రిటన్‌లో ఇందుకొక లెక్క పెట్టుకున్నారు. చేరిన తరువాత 3 నుండి 7 రోజులలోపు బయటపడితే సందిగ్ధము, 8 నుండి 14 రోజులలోపు అయితే బహుశా ఆసుపత్రిదే, 15 రోజులు దాటితే నిశ్చయంగా ఆసుపత్రిదే అని. ఈ సందిగ్ధములో పడినవారి విషయంలోనే జన్యుక్రమం ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఇంకొక చిక్కు మానవ స్వభావానికి సంబంధించినది. వార్డులో జబ్బు పాకినదనగానే అందరి చూపూ ఆయా మీదకో, వార్డుబాయ్ మీదకో, రాత్రి డ్యూటీ నర్సు మీదకో పోతుంది. వారు పది పడకల దగ్గరకు తిరిగేవారు కనుక అనుమానానికి అందుబాటులో ఉంటారు. ఆ అనుమానం నిజమో కాదో చెప్పగల సాక్ష్యం చాలా కాలం ఎవరి దగ్గరా లేదు.

సూత్రం

వైరస్ తనంతట తాను పెరగలేదు. జీవకణంలో దూరి, తన జన్యుపదార్థానికి నకళ్ళు తీయించుకుంటుంది. ఆ జన్యుపదార్థం నాలుగు అక్షరాలతో వ్రాసిన పొడవాటి వాక్యం వంటిది. కోవిడ్ కారకమైన సార్స్-కోవ్-2 వైరస్‌లో సుమారు 29,900 అక్షరాలు, నీపా వైరస్‌లో సుమారు 18,200, ఎయిడ్స్ కారకమైన హెచ్.ఐ.వి.లోను, హెపటైటిస్-సి వైరస్‌లోను ఇంచుమించు 9,600 చొప్పున అక్షరాలు ఉంటాయి. నకలు తీసేటపుడు అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పుతుంది. దీనిని ఉత్పరివర్తనం అంటారు. ఎక్కువ తప్పుల వలన వైరస్ గుణంలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాదు. కాని ఆ తప్పు తరువాతి నకళ్ళన్నిటిలోను నిలిచిపోతుంది. అన్వేషకుడికి కావలసినది అదే.

పరీక్షా పత్రాలు దిద్దినవారికి ఈ సూత్రం వెంటనే బోధపడుతుంది. ఇద్దరు విద్యార్థుల పత్రాలలో సరైన జవాబులు ఒకేలా ఉన్నంత మాత్రాన ఎవరూ అనుమానించరు. ఒకే ప్రశ్నకు, ఒకే చోట, ఒకే విచిత్రమైన తప్పు ఉంటే అప్పుడు ఉపాధ్యాయుడు కళ్ళజోడు సవరించుకుంటాడు. మొదటి పత్రంలోని తప్పులన్నీ ఉండి, వాటికి అదనంగా మరొక తప్పు కూడా ఉన్న పత్రం తరువాతి నకలు అయి ఉండవచ్చు. వైరస్‌ల వంశవృక్షాన్ని గీయడంలో ఉన్న తర్కం కూడా ఇదే.

విద్యార్థుల సౌకర్యార్థం ఒక ఊహాజనిత ఉదాహరణ. ఒక వార్డులో క, చ, ట, త అనే నలుగురు రోగులు, ఒక వార్డుబాయ్ ఉన్నారనుకుందాం. పరీక్షలో అందరికంటే ముందు వార్డుబాయ్‌కి వైరస్ ఉన్నట్లు తేలినది. రెండు రోజుల తరువాత నలుగురు రోగులకూ తేలినది. అతడే అంటించాడని అందరూ అనుకుంటారు. జన్యుక్రమాలు చదివితే క, చ, ట ముగ్గురి వైరస్‌లు ఒకేలా ఉన్నాయి. వార్డుబాయ్ వైరస్‌లో వారి గుర్తులన్నీ ఉండి, అదనంగా మరొక అక్షరం మారినది. త అనే రోగి వైరస్ మిగిలినవారి వైరస్‌లకు తొమ్మిది అక్షరాల దూరంలో ఉన్నది. దీనిని బట్టి త జబ్బు వేరే దారిన వచ్చినదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. వార్డుబాయ్ ఆ ముగ్గురికి అంటించినవాడు కాక, వారి నుండి అంటించుకున్నవాడు అయ్యే అవకాశమే ఎక్కువ. ముందుగా పరీక్ష జరగడం వేరు, ముందుగా జబ్బు సోకడం వేరు. అయితే ఆ అదనపు మార్పు అతడు ఇతరులకు అంటించిన తరువాత అతని శరీరంలోనే పుట్టి ఉండవచ్చు కదా అని చురుకైన విద్యార్థి అడగవచ్చు. ఆ ప్రశ్న సరైనదే. అందుకే డ్యూటీ పట్టిక తీసి, ఆ రోజులలో అతడు ఏ పడకల దగ్గర పనిచేశాడో చూడవలసి ఉంటుంది.

చదివే విధానం

రోగి ముక్కు లేదా గొంతు నుండి తీసిన నమూనాలో వైరస్ జన్యుపదార్థం అతి స్వల్పంగా ఉంటుంది. కోవిడ్ వైరస్‌లో ఇది ఆర్.ఎన్.ఏ. రూపంలో ఉంటుంది కనుక ముందుగా దానిని డి.ఎన్.ఏ. రూపంలోనికి మారుస్తారు. తరువాత పి.సి.ఆర్. పద్ధతిలో సుమారు 400 అక్షరాల ముక్కలుగా లక్షల నకళ్ళు తీస్తారు. ఈ ముక్కలను యంత్రం చదువుతుంది. ఇల్యూమినా కంపెనీ యంత్రాలు ఒకేసారి వందలాది నమూనాలను చదవడానికి అనువైనవి. ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ కంపెనీ తయారుచేసే మినయాన్ అనే పరికరం అరచేతిలో ఇమిడేటంత చిన్నది. కొద్ది నమూనాలను త్వరగా చదవాలంటే ఇది అనుకూలం.

చదివిన ముక్కలను కంప్యూటర్ సహాయంతో వరుసగా పేర్చి, చైనాలోని వూహాన్ రోగి నుండి వచ్చిన మూల క్రమంతో పోల్చి, ఎక్కడెక్కడ అక్షరాలు మారాయో జాబితా వ్రాస్తారు. తరువాత ఆ ఆసుపత్రి క్రమాలను ఒకదానితో ఒకటి మాత్రమే గాక, అదే కాలంలో ఆ ఊరిలో దొరికిన ఇతర క్రమాలతో కూడా పోల్చాలి. ఇది చాలా ముఖ్యం. ఊరంతటా ఒకే రకం వైరస్ తిరుగుతున్నపుడు ఇద్దరు రోగుల వైరస్‌లు ఒకేలా ఉండటంలో విశేషమేమీ లేదు. ఆ పోలిక ఊరిలో అరుదైనదైతేనే వార్డులో వ్యాప్తి జరిగినదని చెప్పడానికి బలం చేకూరుతుంది. ప్రపంచ దేశాల ప్రయోగశాలలు తమ క్రమాలను జమచేసే గిసెయిడ్ అనే భాండాగారం ఈ పోలికకు తోడ్పడుతుంది.

చరిత్ర

వైరస్ అక్షరాల సాయంతో వైద్యశాలలో సంక్రమణను వెతికిన తొలి ప్రసిద్ధ ఉదంతం అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానికి చెందినది. అక్కడ ఎయిడ్స్ ఉన్న ఒక దంతవైద్యుని వద్ద చికిత్స పొందిన యువతికి, వేరే ఏ కారణమూ కనబడకుండా, హెచ్.ఐ.వి. సోకినట్లు 1990లో వెల్లడైనది. ఆయన రోగులలో హెచ్.ఐ.వి. ఉన్న ఏడుగురి వైరస్‌లను పరిశీలించగా, అయిదుగురి వైరస్‌లు దంతవైద్యుని వైరస్‌కు చాలా దగ్గరగా ఉన్నాయని 1992లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. మిగిలిన ఇద్దరి వైరస్‌లు వేరుగా ఉన్నాయి. మొత్తం జన్యుక్రమాన్ని చదవలేదు. ఒక చిన్న భాగాన్ని మాత్రమే చదివారు.

లిబియా దేశంలోని బెంఘాజీ నగర పిల్లల ఆసుపత్రి ఉదంతం ఇంతకంటె బాధాకరమైనది. 1998లో అక్కడ 400 మందికి పైగా పిల్లలకు హెచ్.ఐ.వి. సోకినట్లు తెలిసినది. 1999లో అయిదుగురు బల్గేరియా నర్సులను, ఒక పాలస్తీనా వైద్యుని నిర్బంధించి, వారు కావాలనే వైరస్ ఎక్కించారని నేరం మోపారు. మరణశిక్ష కూడా విధించారు. ఈ విదేశీ సిబ్బంది ఆ ఆసుపత్రికి వచ్చినది 1998 మార్చిలో. టూలియో డి ఒలివేరా తదితర శాస్త్రజ్ఞులు పిల్లల నుండి తీసిన హెచ్.ఐ.వి., హెపటైటిస్-సి వైరస్‌ల అక్షరాలను పరిశీలించి, వాటిలో పేరుకున్న మార్పులను బట్టి కాలాన్ని వెనుకకు లెక్కవేశారు. విదేశీ సిబ్బంది రాకముందే ఆ వైరస్‌లు ఆసుపత్రిలో వ్యాపిస్తున్నాయని తేలినది. ఈ ఫలితం 2006 డిసెంబరులో నేచర్ పత్రికలో వెలువడినది. అదే నెలలో లిబియా న్యాయస్థానం మరణశిక్షను మళ్ళీ ఖరారు చేసినది. చివరకు దౌత్య ప్రయత్నాల వలన వారు 2007 జూలైలో విడుదలయ్యారు. జన్యుక్రమం చెప్పిన సాక్ష్యం న్యాయస్థానంలో చెల్లలేదు. అయినా దోషిని పట్టడం కంటె నిర్దోషిని నిరూపించడంలో ఈ శాస్త్రానికి బలం ఎక్కువ అని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

మెర్స్ అనే కరోనా వైరస్ ఆసుపత్రులనే ఆశ్రయించి పాకినది. 2013లో సౌదీ అరేబియాలోని అల్-హసా ప్రాంతంలో 23 మందికి సోకగా, వారిలో 21 మందికి డయాలసిస్ విభాగాలలోను, ఇంటెన్సివ్ కేర్ విభాగాలలోను, ఇతర వార్డులలోను మనిషి నుండి మనిషికి అంటినట్లు తేల్చారు. 2015లో మధ్యప్రాచ్యం నుండి తిరిగి వచ్చిన ఒకే ఒక ప్రయాణికుని వలన దక్షిణ కొరియాలో 186 మందికి జబ్బు సోకి 38 మంది మరణించారు. అక్కడా వ్యాప్తి ప్రధానంగా ఆసుపత్రులలోనే జరిగినది.

కోవిడ్ తొలి నెలలలో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో సెయింట్ అగస్టీన్ ఆసుపత్రిలో జరిగిన వ్యాప్తిని కూడా డి ఒలివేరా బృందమే పరిశోధించినది. (డర్బన్‌లో పెద్ద సంఖ్యలో తెలుగువారి సంతతి నివసిస్తున్నదని పాఠకులకు తెలిసే ఉంటుంది.) 2020 మార్చి, ఏప్రిల్ నెలలలో అక్కడ 39 మంది రోగులకు, 80 మంది సిబ్బందికి, మొత్తం 119 మందికి కోవిడ్ సోకినది. 15 మంది రోగులు మరణించారు. జన్యుక్రమాలు ఒకదానికొకటి అతి దగ్గరగా ఉండటాన్ని బట్టి, వైరస్ బహుశా ఒకే ఒకసారి ఆసుపత్రిలో ప్రవేశించి ఇంతగా పాకినదని నిర్ణయించారు. రోగులను ఒక వార్డు నుండి మరొక వార్డుకు తరచుగా మార్చడం వలన వైరస్ వార్డులు దాటినదని, వైరస్ ఎక్కువగా సిబ్బంది చేతుల ద్వారా, అందరికీ వాడే పరికరాల ద్వారా పరోక్షంగా పాకినదని వారి నివేదిక చెప్పినది. అంటే లోపం ఏ ఒక్క మనిషిదీ కాదు, పని జరిగే పద్ధతిది.

అదే కాలంలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి, విశ్వవిద్యాలయం కలిసి జన్యుక్రమాలను ఎప్పటికప్పుడు చదివి, వారం వారం వార్డు వైద్యులతో చర్చించే ఏర్పాటు చేసుకున్నారు. 2020 మార్చి, ఏప్రిల్ నెలలలో 35 గుంపులలో 159 మంది రోగుల వైరస్‌లు ఒకేలా ఉన్నట్లు గుర్తించారు. వారిలో 92 మందికి (58 శాతం) పరస్పర సంబంధం ఉన్నట్లు రికార్డులలో బలమైన ఆధారం దొరికినది. డయాలసిస్ కొరకు బయటి నుండి వచ్చిపోయే రోగుల మధ్య జరిగిన వ్యాప్తి ఇలా బయటపడినదే.

భారతదేశంలో

2001 జనవరి, ఫిబ్రవరి నెలలలో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో రోగులకు, వారిని చూడవచ్చిన బంధువులకు, ఆసుపత్రి సిబ్బందికి తెలియని జ్వరం సోకినది. 66 మంది జబ్బుపడ్డారు. ఆ సమయంలో కారణం తేలలేదు. దాచి ఉంచిన నమూనాలను తరువాత పరీక్షించగా అది నీపా వైరస్ అని, మలేషియాలో దొరికిన రకం కంటె బంగ్లాదేశ్ రకానికి దగ్గర అని 2006లో ప్రచురించారు. జవాబు రావడానికి అయిదేళ్ళు పట్టినది.

2018 మేలో కేరళలోని కోళికోడ్ ప్రాంతంలో నీపా మళ్ళీ కనిపించినది. మొదటి రోగితో కలిపి 23 మందిని గుర్తించారు. మొదటి వ్యక్తి తప్ప మిగిలినవారందరికీ ఆసుపత్రులలోనే జబ్బు సోకినదని పరిశోధకులు తేల్చారు. మొదటి రోగికి పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో సేవ చేసిన నర్సు లిని పుతుస్సేరి కూడా మరణించారు. ఈసారి కారణం తెలియడానికి సంవత్సరాలు పట్టలేదు, రోజులలోనే తెలిసినది. తరువాత పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నలుగురు రోగుల నుండి, మూడు గబ్బిలాల నుండి తీసిన వైరస్‌ల జన్యుక్రమాలను పోల్చినపుడు అవి 99.7 నుండి 100 శాతం వరకు ఒకేలా ఉన్నాయి. జబ్బు ఊరిలోకి వచ్చినది గబ్బిలం నుండి, ఊరిలో పాకినది ఆసుపత్రి వరండాలలో. మొదటి సంగతిని జన్యుక్రమం చెప్పినది, రెండవ సంగతిని ఎవరు ఎవరి పక్కన ఎంతసేపు ఉన్నారో ఓపికగా అడిగి వ్రాసుకున్నవారు చెప్పారు.

2020లో గ్రేటర్ నోయిడాలోని ప్రభుత్వ వైద్య విజ్ఞాన సంస్థలో పనిచేసే ఇద్దరు ఆరోగ్య సిబ్బందికి మేలో ఒకసారి, మళ్ళీ ఆగస్టు, సెప్టెంబరులలో ఒకసారి పరీక్షలో కోవిడ్ ఉన్నట్లు తేలినది. ఇద్దరికీ లక్షణాలు లేవు. పాత వైరస్సే శరీరంలో మిగిలి ఉన్నదా, కొత్తగా సోకినదా? రెండు సార్లు తీసిన నమూనాల జన్యుక్రమాలు స్పష్టంగా వేరుగా ఉండటంతో రెండవది కొత్త సంక్రమణే అని తేలినది. ఒకసారి వచ్చి తగ్గినవారికి ఇక భయం లేదని, వారినే కోవిడ్ వార్డులలో నియమించవచ్చని చాలామంది అనుకుంటున్న రోజులవి. రెండవసారి ఒకరికి సోకిన వైరస్‌లో ఎన్440కె అనే మార్పు ఉన్నది. దీని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

హైదరాబాదు, సికింద్రాబాదులలో

సికింద్రాబాదులోని ఏ.ఎస్. రావు నగర్, ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇ.సి.ఐ.ఎల్.) వ్యవస్థాపకులు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీద వెలసిన నివాస ప్రాంతం. చిన్న, పెద్ద నర్సింగ్ హోములకు ఈ చుట్టుప్రక్కల కొదవ లేదు. ఇక్కడి నుండి కొద్ది కిలోమీటర్ల దూరంలో, హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డుపై సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సి.సి.ఎం.బి.) ఉన్నది. 1977లో పుష్పమిత్ర భార్గవ గారు దీనికి తొలి సారథి అయ్యారు. లాల్జీ సింగ్ గారు డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని ఇక్కడే అభివృద్ధి చేశారు. ఉప్పల్‌లో ఉన్న సి.డి.ఎఫ్.డి. ఆ వేలిముద్రల పనికోసమే ఏర్పడిన సంస్థ. అక్షరాల పోలికతో బంధుత్వాన్ని తేల్చడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదన్నమాట. మనుషులకు వాడిన తర్కాన్నే తరువాత వైరస్‌లకు వాడారు.

తెలంగాణలో తొలి కోవిడ్ రోగిని 2020 మార్చి 2న గుర్తించి సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో చికిత్స చేశారు. తరువాత ఆ ఆసుపత్రిని కోవిడ్‌కు ప్రత్యేకించారు. సి.సి.ఎం.బి. ఆ మార్చి నెలాఖరు నుండి పరీక్షలు, తరువాత జన్యుక్రమ నిర్ధారణ చేపట్టినది. రాకేశ్ మిశ్రా గారు అప్పటి సంచాలకులు. భారతదేశపు వైరస్‌లలో ప్రత్యేకమైన శాఖ ఒకటి ఉన్నదని 2020 జూన్‌లో ఈ సంస్థ ప్రకటించి, దానికి ఎ3ఐ అని పేరు పెట్టినది. అప్పటికి దేశంలో చదివిన క్రమాలలో 41 శాతం ఈ శాఖవే. తెలంగాణ, తమిళనాడులలో ఇది ఎక్కువగా కనిపించినది. ఆ తరువాత దీని స్థానాన్ని ఎ2ఎ అనే శాఖ ఆక్రమించినది.

2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 10 ప్రయోగశాలలతో ఇన్సాకాగ్ అనే కూటమిని ఏర్పాటు చేసినపుడు సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. రెండూ అందులో చేరాయి. ఈ కూటమి నియమాల ప్రకారం ఎంపిక చేసిన పరీక్షా కేంద్రాలు, పెద్ద ఆసుపత్రులు ఒక్కొక్కటి 15 రోజులకు 15 నమూనాల చొప్పున పంపవలసి ఉండేది. రాష్ట్రంలో ఏ రకం వైరస్ తిరుగుతున్నదో తెలుసుకోవడానికి ఈ ఏర్పాటు సరిపోతుంది. రెండవ ఉధృతిలో డెల్టా రకాన్ని గుర్తించినది ఇటువంటి నిఘా వలననే. కాని ఒక వార్డులో ఎవరి నుండి ఎవరికి సోకినదో తెలుసుకోవాలంటే ఆ వార్డులోని రోగులందరి నమూనాలూ, సిబ్బంది నమూనాలూ కావాలి. 15 రోజులకు 15 నమూనాలతో ఆ పని కాదు. రాష్ట్రానికి వాతావరణ సూచన చెప్పే కేంద్రాన్ని మన ఇంటి కప్పు ఎక్కడ కారుతున్నదో చెప్పమంటే ఎలా? ఆ కేంద్రం లోపం కాదు, అడిగిన ప్రశ్న వేరు. యంత్రాలు, నిపుణులు ఇంత దగ్గరలో ఉండికూడా మన ఆసుపత్రులలో వార్డు స్థాయి అన్వేషణ నిత్యకృత్యం కాకపోవడానికి ఇది ఒక కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆసుపత్రి లోపలి వ్యాప్తికి దగ్గరగా వచ్చిన స్థానిక పరిశోధన గాలికి సంబంధించినది. సి.సి.ఎం.బి., చండీగఢ్‌లోని ఇమ్‌టెక్ కలిసి హైదరాబాదు, మొహాలీ ఆసుపత్రులలోను, కోవిడ్ రోగులు ఉన్న ఇళ్ళలోను గాలి నమూనాలు సేకరించి పరీక్షించాయి. ఫలితాలు 2022లో జర్నల్ ఆఫ్ ఏరోసాల్ సైన్స్‌లో వెలువడ్డాయి. కోవిడ్ రోగులు ఉన్న చోట్ల గాలిలో వైరస్ జన్యుపదార్థం ఎక్కువగా కనిపించినది. ఒక ఇంటెన్సివ్ కేర్ గది గాలి నుండి తీసిన వైరస్ ప్రయోగశాలలో జీవకణాలకు సోకగలిగినది కూడా. చేతులు కడిగినంత మాత్రాన చాలదు, కిటికీలు, గాలి మార్పిడి కూడా చూసుకోవాలన్నది దీని తాత్పర్యం. సెమ్మెల్వైస్ చేతుల వద్ద ఆగిన కథ ఇక్కడ గాలి దాకా వచ్చినది.

ఎన్440కె వివాదం

వైరస్ అక్షరాలను తొందరపడి చదివితే ఏమవుతుందో తెలుగువారికి అనుభవమే. 2020 నుండి దక్షిణాది రాష్ట్రాలలో ఎన్440కె మార్పు ఉన్న వైరస్‌లు కొన్ని కనిపించాయి. ప్రయోగశాలలోని కణాలలో ఇది ఎక్కువగా పెరుగుతున్నదన్న ఒక ఫలితం బయటకు రాగానే, 2021 మేలో దీనికి ఆంధ్రా రకం అని, కర్నూలు రకం అని పత్రికలలో, టి.వి.లలో పేర్లు పెట్టారు. ఎన్నో రెట్లు ప్రమాదకరమని ప్రచారం జరిగినది. ఆ నెలలోనే ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వచ్చేవారికి 14 రోజుల సంస్థాగత క్వారంటైన్ విధించినది. నిజానికి అప్పటికే ఆ రకం తగ్గుముఖం పట్టి, డెల్టా దాని స్థానంలోకి వస్తున్నదని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు వివరించారు. ఒక్క అక్షరం మార్పు రెండు రాష్ట్రాల ప్రయాణికులను అనుమానితులను చేసినది. ఒక వార్డులో వార్డుబాయ్ మీద పడే అనుమానం ఇటువంటిదే, ఇంకా చిన్న కొలతలో.

పరిమితులు

కోవిడ్ వైరస్ నెలకు సుమారు రెండు అక్షరాల చొప్పున మారుతుంది. ఒకరి నుండి మరొకరికి సోకడానికి సగటున అయిదు రోజులు పడుతుందనుకుంటే, ఒక్కొక్క సంక్రమణకు వచ్చే మార్పు సుమారు మూడోవంతు అక్షరం. అంటే గొలుసులోని చాలా లంకెలలో ఇచ్చినవారి క్రమం, పుచ్చుకున్నవారి క్రమం అచ్చంగా ఒకేలా ఉంటాయి. అటువంటప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది అక్షరాలు చెప్పవు. క్రమాలు బాగా వేరుగా ఉంటే సంబంధం లేదని గట్టిగా చెప్పవచ్చు. ఒకేలా ఉంటే సంబంధం ఉండవచ్చునని మాత్రమే చెప్పగలము.

నమూనాలో వైరస్ తక్కువగా ఉంటే క్రమం పూర్తిగా చదవడం కుదరదు. లక్షణాలు లేక పరీక్ష జరగని మనిషి గొలుసులో కనిపించడు, అతని స్థానంలో మరొకరు దోషిగా కనిపించవచ్చు. చదవడంలోనే పొరపాటు జరగవచ్చు, ఒక నమూనా మరొక దానిలో కలిసిపోవచ్చు.

అన్నిటికంటె పెద్ద పరిమితి కాలం. బ్రిటన్‌లో 14 ఆసుపత్రులలో జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, జన్యుక్రమ నివేదికలు ఇవ్వడం వలన ఆసుపత్రి సంక్రమణల సంఖ్య చెప్పుకోదగినంతగా తగ్గినట్లు కనబడలేదు. రెండు రోజులలో నివేదిక ఇవ్వాలన్న లక్ష్యం ఎక్కువ చోట్ల నెరవేరలేదు. అయితే నివేదిక 5 రోజులలోపు చేరిన సందర్భాలలో సుమారు అయిదవ వంతు కేసులలో నివారణ చర్యలు మారాయి. అంటే రోగిని మరొక గదికి మార్చడమో, ఒక విభాగాన్ని మూయడమో, సిబ్బందిని వేరు చేయడమో జరిగినది. పరీక్ష ముగిసిన తరువాత వచ్చే పాఠ్యపుస్తకం వలన ప్రయోజనమేమిటో విద్యార్థులకు చెప్పనక్కర లేదు.

గోప్యత

జన్యుక్రమం వైరస్‌ది, రోగిది కాదు. కాని దానికి జతచేసిన వివరాలు, అంటే వార్డు, తేదీ, వయసు, వృత్తి కలిపి చూస్తే చిన్న ఆసుపత్రిలో మనిషిని ఇట్టే గుర్తుపట్టవచ్చు. రాత్రి డ్యూటీలో ఒకే ఒక నర్సు ఉన్న చోట ‘రాత్రి సిబ్బందిలో ఒకరు’ అని వ్రాసినా పేరు వ్రాసినట్లే. అందుచేత నమూనాలకు పేర్ల బదులు సంకేత సంఖ్యలు ఇచ్చి, ఆ సంఖ్యల తాళం ఆసుపత్రి సంక్రమణ నివారణ బృందం వద్ద మాత్రమే ఉంచుతారు. జన్యుక్రమం చదివే ప్రయోగశాలకు ఆ పేర్లు తెలియవలసిన అవసరం లేదు. అన్వేషణ ఫలితం శిక్షకు వాడతారని తెలిస్తే సిబ్బంది పరీక్షకు ముందుకు రారు, గొలుసులో ఖాళీలు పెరుగుతాయి. ముందుగా చెప్పిన ఉదాహరణలోని వార్డుబాయ్ తన నమూనా ఇచ్చాడు కనుకనే అతని వైరస్‌లోని అదనపు అక్షరం సంగతి తెలిసినది.